తవుడు బుట్టలో మాట

ఉదయం తొమ్మిదీ నలభైకి జల్లెడ గంట కొట్టింది.

ఆ గంట కోసం హైమ ఆరేళ్లుగా ఎదురుచూస్తోంది. మోగగానే ఆమె లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడిపోయింది.

"సార్! పడింది! ఒకే మాట, రెండు భాషలు! ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని భాషలు!"

డాక్టర్ కామేశం కాఫీ కప్పు కింద పెట్టలేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ మూడో అంతస్తు ప్రయోగశాల ఆయన జీవితకాలపు పంతం.

"అరవకమ్మాయ్. చైనావాడు 'నీ' అంటే నువ్వని అర్థం. మనమూ 'నీ' అంటాం. అంతమాత్రాన వాడు మన మేనమామ అయిపోడు. నోట్లో ఉన్నది ఒక్క నాలుక, రెండు పెదాలు. ఎక్కడో ఒకచోట మాటలు ఢీకొంటాయి. ముందు చుట్టరికం చూడు, తర్వాత అరువు చూడు, రెండూ కాకపోతే అప్పుడు గంతులెయ్యి."

జల్లెడ వాళ్లిద్దరూ తయారు చేసిన యంత్రం. ప్రపంచంలో డెబ్భై ఊళ్లలో, పిల్లలూ పెద్దలూ చేరే చోట, అగ్గిపెట్టెంత పరికరం వేలాడుతూ ఉంటుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'చెవి'. ఆ ఊళ్లో అంతకుముందు లేని మాట ఎవరైనా పలికితే చెవి పట్టుకుంటుంది, అప్పట్నుంచి చుట్టూ వినిపించేదంతా రికార్డు చేసి విశాఖకు పంపుతుంది. దూరదూరపు భాషల్లో ఒకే రూపం ఉన్న మాటలు ఎలా పుడతాయో చచ్చిపోయిన భాషల గ్రంథాల్లో వెతకడం కాదు, పుట్టిన రోజునే పట్టుకోవాలి. అదీ కామేశం ఆలోచన.

హైమ తెర మీదికి వంగింది.

మాట: కిట్సీ.

మొదటి చోటు: కాకసస్ కొండల్లో ఒక పల్లె, రెండేళ్ల కిందట. రెండో చోటు: సున్నపుగెడ్డ, అంగన్‌వాడీ కేంద్రం, ఎనిమిది రోజుల కిందట.

ఆమె నవ్వింది. సున్నపుగెడ్డ విశాఖకు మూడు గంటల దూరంలో, కొండల మధ్య ఉన్న ఊరు. ఆమె భర్త నూకరాజు అక్కడ మంచినీళ్ల పథకానికి ఇంజినీరు. ప్రయోగాల హడావుడిలో పాపను చూసుకోలేక నాలుగేళ్ల దివిజను నెల రోజులుగా అతని దగ్గరే ఉంచింది. ఆ అంగన్‌వాడీలో చెవిని తగిలించింది కూడా తనే.

"పలికినవాళ్ల వయసెంత?" అడిగాడు కామేశం.

"మూడు నుంచి ఐదేళ్లు. రెండు చోట్లా."

"ఇంకేం! తవుడు." ఆయన నిట్టూర్చాడు. "అసలు గంటెందుకు కొట్టింది? నిబంధన తీసేశావా?"

హైమ నాలుక కరుచుకుంది. ముందురోజు కొత్త ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు ఆ నిబంధన తిరిగి పెట్టడం మరిచిపోయింది. ఈ విద్యలో అందరూ పాటించే నియమమే అది. చంటిపిల్లల మాటలూ, చప్పుళ్లను అనుకరించే మాటలూ లెక్కలోకి రావు. పెదాలు మూసి తెరిస్తే ఏ దేశపు బిడ్డ అయినా 'మ' అంటుంది. కాకి ఏ దేశంలోనైనా 'కా' అనే అరుస్తుంది. అలాంటివి చేరిస్తే లెక్క పాడవుతుంది. అందుకే జల్లెడ వాటిని పక్కకు పారబోస్తుంది. ఆ పక్క పెట్టెకు కామేశం 'తవుడు బుట్ట' అని పేరు పెట్టాడు. ఆరేళ్లలో ఆ బుట్టలోకి ఎవరూ తొంగి చూడలేదు.

"పెట్టేస్తాను సార్," అంది. పెట్టే ముందు ఒక్కసారి, ఊరికే, తవుడు బుట్టలో 'కిట్సీ' అని వెతికింది.

జల్లెడ మొదటి జంట దొరకగానే ఆగిపోయింది; బుట్టలో మరో రెండు ఉన్నాయి. ఆండీస్ కొండల్లో ఒక గని ఊరు. తూర్పు సముద్రాల్లో ఒక దీవి. అన్నీ వేరు వేరు భాషలు. అన్నిచోట్లా పలికింది చిన్నపిల్లలే.

సున్నపుగెడ్డ కాక మిగతా మూడు చోట్లా రికార్డు చివర ఒకే వాక్యం ఉంది. 'పరికరం మూగబోయింది. కొత్తది పంపాలి.' రాసింది తనే.

మాట మొదలైన రోజు నుంచి పరికరం మూగబోయిన రోజు వరకు లెక్కపెట్టింది. తొమ్మిది రోజులు. పదకొండు. ఎనిమిది.

ఆ ఊళ్ల పేర్లు, ఆ తేదీలు పెట్టి పాత వార్తలు వెతికింది. రెండు ఊళ్ల గురించి నాలుగేసి వాక్యాల వార్తలు దొరికాయి. దీవి గురించి ఒక ఫొటో. ఫొటోలో ఊరు లేదు. గుండ్రటి గొయ్యి, దాని అంచున వేలాడుతున్న సగం గోడ.

"సార్," అంది. "మన చెవులు పాడవలేదు. ఊళ్లు భూమిలోకి దిగిపోయాయి."

కామేశం వచ్చి చూశాడు. కాఫీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

*

నూకరాజు ఫోన్ ఎత్తేసరికి వెనక మోటారు హోరు.

"హైమా, ఇప్పుడు కాదే. పెద్ద మోటారు వేసి ఎనిమిదో రోజు. సాయంత్రం పెద్దాఫీసరు చూడ్డానికొస్తున్నాడు."

"పాపేది బావా?"

"అంగన్‌వాడీలో. ఎందుకు?"

"'కిట్సీ' అనే మాట దాని నోటెమ్మట విన్నావా?"

నూకరాజు నవ్వాడు. "వినకేం! ఇంట్లో రోజంతా అదే పాట. కుళాయికి చెవి పెట్టి 'నాన్నా, కిట్సీ వచ్చింది' అంటుంది. ఇదొక్కర్తే కాదు, ఊళ్లో పిల్లగుంటలందరిదీ అదే ఆట. ఏం, నీ యంత్రానికి అది కూడా కావాలా?"

ఆమె చెప్పింది. మూడు ఊళ్లు, మూడు తేదీలు, మూడు గోతులు.

"హైమా, నేను పన్నెండు బోర్లు వేయించానీ ఊళ్లో. కింద ఎంత రాయి ఉందో చూసే వేశాం. పిల్లలు ఏదో కూస్తే మూడొందల ఇళ్లు ఖాళీ చేయించమంటావా? నువ్వు మాటలు ఏరుకునేదానివి, రాళ్ల సంగతి నీకేం తెలుసు?"

"పాపని కొండెక్కించు. దాన్ని ఒక్కదాన్నైనా."

"నువ్వొచ్చి ఎక్కించుకో," అన్నాడు కోపంగా. ఫోన్ పెట్టేశాడు.

కామేశం అప్పటికే డ్రైవర్‌ని పిలిచాడు. "నువ్వెళ్లు. నేనిక్కడే ఉండి ఆ మూడు ఊళ్ల రికార్డులు మొదట్నించి వింటాను. ఏ గంటకి ఏమైందో చెబుతా." తలుపు దాకా వచ్చి ఆగాడు. "అమ్మాయ్... తవుడు అని పేరు పెట్టింది నేనే."

*

సున్నపుగెడ్డ చేరేసరికి ఒంటిగంటన్నర. ఎండ తెల్లగా ఉంది. ఊరంతా సున్నపురాయి పలక మీద పరిచినట్టు ఉంటుంది. ఉత్తరాన నల్లరాతి గుట్ట. దాని మీద ఎప్పటిదో పాడుబడ్డ అటవీ బంగళా ఉంది కనక బంగళా దిబ్బ అంటారు.

అంగన్‌వాడీ ముందు కుళాయి. దాని చుట్టూ నలభై మంది పిల్లలు.

ఆడుకోవడం లేదు. తోసుకోవడం లేదు. ముందు వరుస పిల్లలు ఇనప గొట్టానికి చెవులు ఆనించి ఉన్నారు. వెనక వాళ్లు ముందు వాళ్ల వీపుల మీద చెవులు పెట్టుకున్నారు. కాసేపటికొకసారి అందరి నోటా ఒకేసారి వస్తోంది: "కిట్సీ."

హైమ కుళాయికి చెవి ఆనించింది. చల్లటి ఇనుము. ఏమీ వినపడలేదు.

"అమ్మా!" దివిజ పరుగెత్తుకొచ్చి నడుము పట్టుకుంది. "కిట్సీని సూడ్డానికొచ్చావా?"

నెల రోజుల్లో యాస కూడా పట్టేసింది. హైమ దాన్ని ఎత్తుకుని గట్టిగా అదుముకుంది.

"వారం దినాల్నించీ ఇదే వొరస తల్లీ," అంది ఆయా గురమ్మ, గుడ్ల అట్ట చంకన పెట్టుకుని. యాభై దాటిన బలమైన మనిషి. "గుడ్డు పెడతానన్నా ఇటు తిరగరు. నాకూ నా కొడుక్కీ ఏటీ ఇనబడదు. ఈ గుంటలకి మాత్తరం ఏటినబడతాదో!"

పిల్లలకు వినబడేదేమిటో హైమకు అప్పుడు అర్థమైంది. వయసు పెరిగేకొద్దీ చెవి పైస్థాయి చప్పుళ్లను పోగొట్టుకుంటుంది. ఈ ఊరి కింద రాయి పగులుతోంది. పగులు కీచుమని మోగుతోంది, పెద్దవాళ్ల చెవికి అందనంత సన్నగా. బోరు గొట్టాలు ఆ మోతను కుళాయి దాకా తెస్తున్నాయి. ఠక్కుమని ఒక పగులు, సాగే కీచు, ఆగిపోవడం. చిన్న నోరు దాన్ని పలకబోతే ఏ దేశంలోనైనా వచ్చేది ఆ ఒక్క మాటే. చుట్టరికం కాదు. అరువు కాదు. యాదృచ్ఛికమూ కాదు. అందరూ విన్నది ఒకే చప్పుడు.

నూకరాజు పంపుహౌస్ నుంచి బండి మీద వచ్చాడు. మొహం నిండా చిరాకు. "వచ్చేశావా? ఊళ్లో నన్ను నవ్వులపాలు చెయ్యడానికి!"

"బావా, నీ పెద్ద మోటారు వేసిన రోజే ఈ మాట పుట్టింది. ఒక్క పని చెయ్యి. ఆ తర్వాత నువ్వు చెప్పినట్టు వింటాను. పంపుహౌస్‌కి వెళ్లి, నీ ఇష్టమొచ్చినప్పుడు మోటారు ఆపు, ఇష్టమొచ్చినప్పుడు వెయ్యి. ప్రతిసారీ టైమ్ కాగితం మీద రాసుకో. నాకు ఫోన్ చెయ్యొద్దు. నేనిక్కడ పిల్లలు ఎప్పుడు ఆపుతారో, ఎప్పుడు మొదలుపెడతారో రాస్తాను."

పంపుహౌస్ ఊరికి ఆ చివర. ఇక్కడికి కనపడదు, వినపడదు. అతను ఒక క్షణం ఆమె మొహం చూశాడు. బండి తిప్పాడు.

రెండూ ఏడుకి పిల్లలు ఆపేశారు. ఒక్కసారిగా పిల్లలైపోయారు. తోసుకున్నారు, జుట్లు పీక్కున్నారు, ఒకడు గుడ్డు కావాలని ఏడ్చాడు. రెండూ పదమూడుకి మళ్లీ కుళాయి చుట్టూ చేరారు. "కిట్సీ." రెండూ ఇరవైకి ఆపారు. రెండూ ఇరవై నాలుగుకి మొదలుపెట్టారు. రెండున్నరకు మళ్లీ ఆపారు.

పది నిమిషాలు గడిచాక నూకరాజు వచ్చాడు. తన కాగితం చదివాడు. హైమ తనది చదివింది. ఐదు అంకెలూ ఒకటే.

నూకరాజు పంపుహౌస్ వైపు తిరిగి చూశాడు. "కింద నీళ్లుండబట్టే పైరాయి నిలబడి ఉంది," అన్నాడు నెమ్మదిగా. "ఆ నీళ్లు... నేనే తోడేశాను. పోనీలే హైమా, ఆపేశాగా. ఇక వెయ్యను. నీళ్లు మళ్లీ నిండుతాయి."

"కిట్సీ."

ఇద్దరూ కుళాయి వైపు తిరిగారు.

"మోటారు ఆపే ఉందా బావా?"

"తాళం వేసొచ్చాను."

"కిట్సీ. కిట్సీ. కిట్సీ." పిల్లలు ఊపిరి తీసుకోవడానికి మాత్రమే ఆగుతున్నారు.

*

కామేశం ఫోన్ చేశాడు.

"మూడు ఊళ్లలోనూ ఇదే వరసమ్మా. మొదట ఆగి ఆగి పలికారు. ఆఖరి రోజు ఆగకుండా పలికారు. ఆగకుండా మొదలైనప్పటి నుంచి ఒకచోట గంటా పది, ఒకచోట గంటా ఇరవై, దీవిలో గంట. ఆ తర్వాత మానేశారు."

"మానేశాక?"

"పన్నెండు నిమిషాలు. మూడు చోట్లా పన్నెండే. తర్వాత రికార్డు లేదు." ఆయన ఆగాడు. "రాతికి పగలాల్సిందంతా పగిలిపోయాక ఇక చప్పుడేముంటుంది? హైమా... ఆ పన్నెండు నిమిషాలూ పిల్లలు నవ్వుతూ ఆడుకున్నారు. నాకు వినపడుతోంది."

టైమ్ రెండూ యాభై. నిరంతరంగా మొదలై ఐదు నిమిషాలైంది.

నూకరాజు వీధివీధికీ తిరిగి అరిచాడు. జనం అరుగుల మీద నుంచి లేవలేదు.

"ఏటి బాబూ, సిన్న గుంటలు కూత్తే ఊరొగ్గీసి పొమ్మంతావా? పేపర్లో రాయించుకోడానికా?"

"నువ్వే కదా మొన్న మోటారు పూజకి కొబ్బరికాయ కొట్టినావు?"

చుట్టూ నవ్వులు. నూకరాజు చేతులు జోడించాడు, తిట్టాడు, ఒకాయన కాలర్ పట్టుకున్నాడు. లాభం లేకపోయింది. వెనక్కి వచ్చి అంగన్‌వాడీ గడప మీద కూలబడ్డాడు.

గురమ్మ అంతా విన్నది. గుడ్ల అట్ట నెత్తికెత్తుకుంది.

"మొగోళ్లకి సెప్తే ఊరు కదుల్తాదా బాబూ? నాను సూసుకుంతాను."

పాత చీర ఒకటి తాడులా మెలిపెట్టి పిల్లల చేతికిచ్చింది. రోజూ చెరువు గట్టు దాటించేటప్పుడు అలాగే పట్టుకుని నడుస్తారు. "పట్టుకోండ్రా! ఒగ్గినోడికి గుడ్డు లేదు! ఈయేల బంగళా దిబ్బ మీద తలా రెండు గుడ్లు!"

పిల్లల వరుస నడివీధి వెంట కదిలింది. గురమ్మ ప్రతి గుమ్మం ముందూ గొంతెత్తింది. "ఒలె పైడమ్మా, నీ కొడుకుని దిబ్బ మీదికి తీస్కెల్తన్నాను! ఒలె సూరమ్మా, నీ కూతురికి జొరమొచ్చినా నాకు తెలవదు, ఎండలో ఎక్కించేత్తన్నాను!"

ఐదు నిమిషాల్లో తల్లులందరూ వీధిలో ఉన్నారు. "ఈ ముసల్దానికి మతిపోనాదే! ఎండలో గుంటల్ని సంపేత్తాదా ఏటి?" అని తిడుతూ వెనకాల పరుగు. తల్లుల వెనక అత్తలు. అత్తల వెనక, అరుపులేమిటో చూద్దామని మగాళ్లు. దిబ్బ సగం ఎక్కాక కింద ఎక్కడో ఒక గోడ నిలువునా చీలింది. ఆ చప్పుడు మాత్రం పెద్దవాళ్లకూ వినిపించింది. ఇక ఎవరూ నవ్వలేదు.

కానీ మంచాల మీద ఉన్నవాళ్లు పదకొండు మంది మిగిలారు. పక్షవాతాలు, బాలింతలు, కళ్లు లేని ముసలాళ్లు. నూకరాజు పదిమంది మగాళ్లను కూడగట్టాడు. అందులో గురమ్మ కొడుకు అప్పన్న కూడా ఉన్నాడు.

"ఆ చప్పుడు ఎప్పుడాగుతాదో మాకెలా తెలుత్తాది?" అడిగాడు అప్పన్న. "గుంటలందరూ పైకెల్లిపోనారు కదా."

నూకరాజు హైమ చంకలో ఉన్న దివిజను చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. అతను అడగలేదు. ఎప్పటికీ అడిగేవాడు కాదు.

హైమకు కాళ్ల కింద నేల తెలుస్తోంది. దాని కింద ఏముందో కూడా తెలుస్తోంది.

"దిబ్బ మొదట్లో ఆఖరి కుళాయి ఉంది కదా," అంది. "నేనూ పాపా అక్కడుంటాం. అది ఆపగానే గంట కొడతాను. గంట విన్నాక పన్నెండు నిమిషాలుంటాయి మీకు."

అంగన్‌వాడీ గంట, అంటే వేలాడే రైలుపట్టా ముక్క, విప్పి తెచ్చి ఆ కుళాయి పక్కన వేపకొమ్మకు కట్టారు. హైమ ఒక చేత్తో సుత్తి పట్టుకుంది. ఇంకో చెయ్యి కూతురి వీపు మీద ఉంది. దివిజ గొట్టానికి చెవి ఆనించింది.

"కిట్సీ. కిట్సీ. కిట్సీ."

ఒక మంచం వచ్చింది. ఇంకోటి. భర్త చొక్కా చెమటతో నల్లబడి కనిపించింది, మళ్లీ వీధి మలుపులో మాయమైంది. నాలుగు మంచాలు. ఏడు.

"అమ్మా, చెయ్యి నొప్పెడతంది. అలగ పిసక్కు."

"సరే తల్లీ. విను. ఇంకా ఉందా?"

"ఉంది. కిట్సీ. కిట్సీ... అమ్మా, అది ఏడుస్తంది." పాప మొహం మారింది. మాట సాగింది. "కిట్సీ...ఈ...ఈ."

ఒక తల్లి ఈ పని చేస్తుందా? హైమకు ఆ ప్రశ్న వచ్చింది. దాన్ని తోసేసింది. తొమ్మిదో మంచం వచ్చింది.

దివిజ గొట్టం మీద నుంచి తల ఎత్తింది.

"ఏమైంది?"

"పడుకుంది."

"మళ్లీ విను! దివీ, సరిగ్గా విను!"

"పడుకుందమ్మా," అంది పాప. నవ్వింది. "ఆకలేస్తోంది. పోదామా?"

హైమ సుత్తి ఎత్తి రైలుపట్టాను బాదింది. మూడూ యాభై రెండు. బాదుతూనే ఉంది, చివరి రెండు మంచాలు మలుపు తిరిగేదాకా. నూకరాజు ఒక కొస మోస్తున్నాడు. ఇక పాపను ఎత్తుకుని పరుగెత్తింది.

దిబ్బ మీద గురమ్మ జనంలో వెతుకుతోంది. "మా అప్పన్నేడీ? మంచం మోసినోళ్లందరూ వచ్చీనారు కదా. ఆడేడీ?"

"గేదెలు కట్టేసే ఉన్నాయని ఎల్నాడు పిన్నీ," అన్నాడు ఒకతను రొప్పుతూ. "ఇంకా ఎనిమిది నిమిషాలున్నాదిలే, ఇప్పేసి వచ్చెత్తాను అన్నాడు."

పదకొండో నిమిషంలో, ఎవరూ అరవకముందే, ఊరు దిగింది. కూలలేదు. దిగింది. నీళ్ల తొట్టిలో పళ్లెం మునిగినట్టు, ఇళ్లు నిటారుగా, పెంకులతో, ఆరేసిన చీరలతో, కిందికి వెళ్లిపోయాయి. తర్వాత తెల్లటి దుమ్ము పైకి లేచి దిబ్బను కప్పేసింది.

దుమ్ము తగ్గాక గురమ్మ హైమ ఎదురుగా నిలబడి ఉంది. ఏడవడం లేదు.

"పన్నెండని నువ్వే సెప్పినావు కదమ్మా," అంది. "ఆడు లెక్కేసుకునే ఎల్నాడు."

*

ఐదు వారాలైంది.

కామేశం తవుడు బుట్టను జల్లెడ మధ్యలోకి తెచ్చి పెట్టాడు. ఇప్పుడు గంట మొదట మోగేది పిల్లల మాటలకే. నూకరాజు ఇంట్లోనే ఉంటున్నాడు. జిల్లాలో ఎక్కడెక్కడ బోర్లు మూయాలో పటాలు గీస్తుంటాడు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడతాడేమో. దివిజ కుళాయి దగ్గరికి వెళ్లదు. గ్లాసుతో నీళ్లిచ్చినా ముందు గ్లాసుకు చెవి పెట్టి, తర్వాత తాగుతుంది.

యంత్రాలు తెప్పించారు, మూడు రకాలు. వాటికి పైస్థాయి చప్పుళ్లన్నీ వినిపిస్తాయి. పురుగులు, మోటార్లు, కరెంటు తీగలు, అన్నీ. అందులో రాయి ఏదో అవి తేల్చలేకపోయాయి. పిల్లల నోళ్లు తేల్చినంత శుభ్రంగా ఏదీ తేల్చలేదు.

అందుకే ఒక కమిటీ నుంచి హైమకు ముసాయిదా వచ్చింది. ప్రమాదం ఉన్న ఊళ్లలో కుళాయికి ఒక బిడ్డ చొప్పున, మూడు నుంచి ఐదేళ్ల వయసు, వంతుల వారీగా, చివరి నిశ్శబ్దం వరకు. నిపుణురాలిగా సంతకం చెయ్యమన్నారు. ఆమె చెయ్యలేదు. 'మీరు చేసిందే కదా' అని తిరుగు ఉత్తరం వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఫోన్ మోగినప్పుడు ఆమె దివిజకు అన్నం తినిపిస్తోంది.

"మేడమ్, నా పేరు రహంతుల్లా. పల్నాడు వైపు తెల్లబండ మండలానికి తహసీల్దార్ని. మీ ఆఫీసు వాళ్లు పొద్దున హెచ్చరిక పంపారు. ఇక్కడి పిల్లలు ఆ మాట అంటున్నారు. నిజమే. పన్నెండున్నర నుంచి అయితే ఆగకుండా."

అతని వెనక వినిపిస్తూనే ఉంది, చాలామంది చిన్న గొంతులు కలిసి. హైమ చేతిలో ముద్ద జారిపోయింది.

"ఊళ్లో ఎంతమంది ఉన్నారు?"

"తొమ్మిది వందల గడప మేడమ్. అందుకే అడుగుతున్నా. పిల్లల్ని ముందు పంపించెయ్యమంటారా, ఉంచమంటారా? తల్లులే ఉంచుతామంటున్నారు. 'ఆ మేడమ్ తన పాపనే నిలబెట్టిందంట కదా, మా పిల్లలూ నిలబడతారు, టైమ్ తెలిస్తే సామాన్లు సర్దుకోవచ్చు' అంటున్నారు."

"ఒక్క బిడ్డని కూడా ఉంచొద్దు. ఇప్పుడే ఎత్తుకుని బయల్దేరండి. అందరూ."

"మరి టైమ్ ఎలా తెలుస్తుంది?"

"తెలియదు. తెలియదు కాబట్టే ఇప్పుడే కదలండి."

"అట్టా కదలరు మేడమ్," అన్నాడు దిగులుగా. "ఎవరో ఒకరు ఒక అంకె చెప్పాలి. బీరువాలు దించుతున్నారు, ట్రాక్టర్లకి ధాన్యం ఎక్కిస్తున్నారు. నేనెంత మొత్తుకున్నా..."

అతను మాట్లాడుతూనే ఉన్నాడు. హైమ వినడం మానేసింది. అతని గొంతు వెనక ఏదో తక్కువైంది.

"రహంతుల్లా గారూ. పిల్లలు ఏం చేస్తున్నారు?"

"ఇందాకట్నుంచి అదే కదా మేడమ్... ఆగండి." అడుగుల చప్పుడు. "ఆడుకుంటున్నారు మేడమ్. గోలీలు తీశారు. నవ్వుతున్నారు." అతను ఫోన్ నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. "మేడమ్, మాట ఆపేశారు. ఎంత టైముంది? ఎంతని చెప్పమంటారు వీళ్లకి?"

గోడ మీద గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది. పక్క గది గుమ్మంలో నూకరాజు వచ్చి నిలబడ్డాడు, చేతిలో పటంతో. ఆరేళ్లలో హైమ ఒక్క అంకె కూడా తెలిసి తప్పు చెప్పలేదు. నిజమని నమ్మి చెప్పిన ఒక్క అంకె గురమ్మ కొడుకును గేదెల కొట్టంలోకి పంపింది.

"మూడు నిమిషాలు," అంది.

"మూడేనా! తొమ్మిది వందల గడప..."

"మూడే! సామాను ముట్టుకుంటే చస్తారని చెప్పండి! మూడు నిమిషాలు!"

ఫోన్ నేల మీద పడిన చప్పుడు వినిపించింది. అతను అరుస్తున్నాడు. తర్వాత ఎవరో కేక పెట్టారు, ఇంకెవరో. తర్వాత కాళ్లు, వందల కాళ్లు, ఫోన్ పక్క నుంచి, మీది నుంచి, పరుగెత్తుతూ.

దివిజ రెండు చేతులతో చెవులు మూసుకుంది. హైమ ఫోన్ చెవి నుంచి తియ్యలేదు.